మేడ మీద కుండీల్లోని పండ్ల చెట్లకు ఎండాకాలంలో నీళ్లు ఎలా పోయాలి?

రోజూ నీళ్లు పోస్తున్నా మేడ మీది కుండీలో నిమ్మ వాడిపోతోంది, పూత రాలిపోతోంది, ఎందుకని అడిగారు.

చాలాసార్లు లోపం నీళ్లు తక్కువ పోయడంలో ఉండదు, అవి వేర్లకు చేరకపోవడంలో ఉంటుంది. మట్టి, అందులోనూ కొబ్బరిపొట్టు ఎక్కువ కలిపింది, పూర్తిగా ఎండితే కుంచించుకుపోయి కుండీ అంచు నుంచి విడిపోతుంది. పోసిన నీళ్లన్నీ ఆ సందులోంచి జారి వెంటనే అడుగు రంధ్రం నుంచి బయటికొచ్చేస్తాయి. చూడ్డానికి కుండీ తడిసినట్టే ఉంటుంది, లోపల వేర్ల ముద్ద మాత్రం పొడిగానే ఉంటుంది. అంచుల దగ్గర మట్టిని మెల్లగా గుల్ల చేసి, కొన్ని నీళ్లు పోసి, పది నిమిషాలు ఆగి మళ్లీ నిండా పోయండి.

ఎండెక్కకముందే పోయడం మంచిది. రెండంగుళాల లోతుకు వేలు పెట్టి చూడండి, తడి తగిలితే ఆగండి. మే నెలలో చిన్న కుండీలకు సాయంత్రం కూడా పోయాల్సి రావచ్చు. మట్టి తడిగా ఉండి, మధ్యాహ్నం ఆకులు వాలితే టెన్షన్ పడకండి, పొద్దు వాలాక తేరుకుంటాయి. అప్పుడు ఇంకా పోస్తే వేర్లు కుళ్లుతాయి. పైపులో నిలిచిన వేడి నీళ్లను ముందు పక్కకు వదిలేయండి.

నా దృష్టిలో అందరూ మరిచిపోయేది వేర్లకు తగిలే వేడి. కాలే శ్లాబు మీద నల్ల ప్లాస్టిక్ టబ్బు పెట్టకండి. ఇటుకల మీదికి ఎత్తి, పడమటి వైపు గోనెసంచి చుట్టండి. మట్టి మీద ఎండుటాకులు కప్పండి, మొదలుకు మాత్రం తగలనివ్వకండి.

దానిమ్మ ఉంటే ఇంకో జాగ్రత్త: బాగా ఎండనిచ్చి ఒక్కసారిగా ముంచెత్తితే కాయలు పగులుతాయి. ఘాటైన ఎరువులు, కుండీ మార్చడం తొలకరి దాకా ఆపండి.