శ్రీచక్రం నల్లబడితే దోషమా?

ప్రశ్న: గృహప్రవేశానికి మా పిన్ని రాగిరేకు మీద గీసిన శ్రీచక్రం ఇచ్చింది. శుక్రవారం కుంకుమ వేస్తాను, మిగతా రోజులు కుదరదు. ఈ మధ్య అది నల్లబడింది. రోజూ పూజ లేక అమ్మవారికి కోపం వచ్చిందని పక్కింటావిడ అంటోంది, అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. ఫోన్లో పంచదశీ మంత్రం విన్నాను, అది జపిస్తే దోషం పోతుందా?
– ఓ పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: ముందు ఆ నలుపు సంగతి చూద్దామమ్మా. రాగికి గాలీ తేమా తగిలితే నల్లబడుతుంది, మీ ఇంట్లో రాగిచెంబు నల్లబడితే భయపడతారా? కాస్త చింతపండుతో మెల్లగా రుద్ది, గీతల్లో ఇరుక్కున్న కుంకుమ పోయేలా కడిగి, తడి లేకుండా తుడవండి. అయిపోయింది.

శ్రీచక్రంలో పైకి చూసే త్రికోణాలు నాలుగు శివుడివి, కిందికి చూసే ఐదూ అమ్మవారివి. ఈ తొమ్మిదీ ఒకదాన్నొకటి కోసుకుంటూ 43 త్రికోణాలవుతాయి, నడుమ బిందువు, చుట్టూ ఎనిమిది దళాలు, వాటి బయట పదహారు, అన్నిటికీ బయట వాకిళ్లున్న చతురస్రం. నవావరణ పూజ చేసేవాళ్లు ఆ చతురస్రం దగ్గర మొదలుపెట్టి ఒక్కో ఆవరణ, అంటే ఒక్కో అంచె, దాటుతూ, అక్కడి దేవతల్ని పేరుపేరునా పిలుస్తూ బిందువు దాకా వెళతారు. అంటే గీత దారి చూపిస్తుంది, పిలుపు మంత్రానిది. పిలుపు లేకుండా హాల్లో షోకి పెట్టుకుంటే అది మంచి డిజైన్, అంతే (వాస్తు పేరుతో అలాగే అమ్ముతున్నారు లెండి). అనకాపల్లి దగ్గర దేవీపురంలో గుడినే శ్రీచక్రమేరువు (శ్రీచక్రాన్నే అంచెలంచెలుగా పైకి లేపిన రూపం) ఆకారంలో కట్టారు, వీలైతే చూసి రండి.

నవావరణ పూజ ఉపదేశం ఉన్నవాళ్లది, మీరు దాని జోలికి వెళ్లక్కర్లేదు. లలితా సహస్రనామం చదువుతూ కుంకుమ వేయండి. అందులో 996వ నామం శ్రీచక్రరాజనిలయా, ఆవిడ ఇల్లే మీ ఎదురుగా ఉంది. శుక్రవారమే కుదిరితే శుక్రవారమే చేయండి, ఆలస్యమైందని అలిగే తల్లి కాదు.

పంచదశి మాత్రం వేరు. పదిహేను బీజాక్షరాలు, గురువు నోట వినాల్సినవి. సౌందర్యలహరి 32వ శ్లోకం కూడా వాటిని నేరుగా చెప్పదు, శివుడు, శక్తి, కాముడు, క్షితి అంటూ సంకేతాల్లో దాచింది. చెవిన పడితే కీడేమీ లేదు, సొంతంగా జపం మాత్రం మొదలుపెట్టకండి. దోషం పోగొట్టడానికంటారా, ఆ దోషమే లేదని చెప్పాను కదా. ‘శ్రీమాత్రే నమః’ అనుకోండి, దానికి ఎవరి ఉపదేశమూ అక్కర్లేదు, పప్పు ఉడికే లోపు ఎన్నిసార్లయినా అనుకోవచ్చు.