మేనల్లుడికి ఒక ఉత్తరం: దిగులు, కోరిక

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పెళ్ళైన నాలుగేళ్ళకే కోరిక సన్నగిల్లిందని, ఇది మగతనంలో లోపమేమోనని భయపడుతున్నావు. కానీ ఇంటి అప్పు వాయిదాల గురించి, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియక తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం గురించి అంతకంటే ఎక్కువ రాశావు. ముప్పై ఏళ్ళ వైద్యవృత్తిలో ఈ రెండు బాధలూ ఒకే మనిషిలో కలిసి ఉండడం ఎన్నోసార్లు చూశాను.

దిగులు నెలల తరబడి వదలకపోతే శరీరం ఆపద ముంచుకొస్తున్నట్టే మెలుగుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుసుకుంటాయి, నిద్ర చెడుతుంది. కోరిక కలగడానికి కావలసినది ఇందుకు పూర్తిగా భిన్నమైన నెమ్మది. ఆపైన ఒక్కసారి విఫలమైతే చాలు, మరుసటిసారి భార్య పక్కన ఉన్నా మనసు ఆమె మీద నిలవక, తన శరీరం సహకరిస్తుందో లేదోనని కాపలా కాస్తూ ఉంటుంది. 1970లో అమెరికా పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ ఈ స్థితిని ప్రేక్షకుడిలా మారిపోవడంగా వర్ణించారు.

వారు సూచించిన మార్గమే నీకూ చెబుతున్నాను. కొన్ని వారాలపాటు సంభోగం వద్దని ఇద్దరూ ముందే ఒప్పుకుని, మొదట జననాంగాల జోలికి పోకుండా, ఎలాంటి ఫలితమూ ఆశించకుండా, ఒకరినొకరు తాకడంలోని హాయిని మాత్రమే గమనించండి. ఇది విన్న చాలామంది నన్ను వింతగా చూసేవారు, కానీ పరీక్ష లేనప్పుడు తప్పుతానన్న భయమూ ఉండదు కదా. అప్పుల లెక్కలకు సాయంత్రం ఏడింటికి ఇరవై నిమిషాలు కేటాయించి, మనసులోని భయాలన్నీ నోటుపుస్తకంలో రాసి మూసెయ్యి. ఆఫీసు ఫోను పడకగదిలోకి తేవద్దు.

ఆందోళనకు ఎస్సిటాలోప్రామ్ వాడుతున్నానన్నావు. ఆ మాత్ర కూడా కొందరిలో కోరికను తగ్గిస్తుంది. అయినా నీ అంతట నువ్వు ఆపకుండా, రాసిచ్చిన వైద్యుడితో ఈ సంగతి దాచకుండా చెప్పు. షుగరు, థైరాయిడ్, ఉదయంపూట టెస్టోస్టిరాన్ (పురుష హార్మోను) పరీక్షలు అవసరమా అని కూడా అడుగు. అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ మాత్ర రక్తప్రసరణకు తోడ్పడుతుందే తప్ప కోరికను పుట్టించదు, కనుక అంగడిలో అడిగి కొనుక్కోవద్దు. రాత్రివేళ దిగులు భరించలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ ఉత్తరం అమ్మాయికి కూడా చదివి వినిపించు. నువ్వు నోరు విప్పకపోవడం వల్ల, తానే నీకు నచ్చడం లేదేమోనని ఆమె లోలోపల కుమిలిపోతూ ఉండవచ్చు.

నీ మేనమామ