మిల్లు గేటుకు కబ్జాలు

బిడ్డా,

మిల్లు గేటు పని ఒప్పుకున్నవని మీ నాయన ఫోన్ల చెప్పిండు. పరకాల రోడ్డు మీద మిల్లంటే సీజన్ల వడ్ల లారీలు రాత్రీపగలూ తిరుగుతయి. బజార్ల దొరికే కబ్జాలు, అంటే గేటు రెక్క తిరిగే మడతబందులు, తగిలిస్తే రెక్క తొందరలనే నేలకు రాస్తది. మనమే చేసుకునుడు మంచిది.

ముందు తూకం తియ్యి. 3 మి.మీ. షీటు చదరపు మీటరుకు 23.5 కిలోలు. 10 ఫీట్ల వెడల్పు, 7 ఫీట్ల ఎత్తు రెక్కకు షీటే 150 దాటుతది. 50 బై 6 యాంగ్లరు (ఎల్ ఆకారం ఇనుప పట్టీ) మీటరుకు నాలుగున్నర కిలోలు. ఫ్రేము, అడ్డాలు, క్రాసు అన్నీ కలిపితే 250 కాడికి వస్తది.

శానమంది ఈ బరువొక్కటే చూసి కబ్జా తిరిగే పిన్ను లావు పెంచుతరు. అసలు గుంజుడు వేరే ఉన్నది. రెక్క బరువు దాని నడుమ, అంటే కబ్జాలకు 5 ఫీట్ల దూరంల ఉంటది. కబ్జాల నడుమ ఎడం కూడ 5 ఫీట్లైతే, పైదాన్ని 250 కిలోల జోరుతోటి పిల్లరు నుంచి ఊడగుంజుతది, కిందిదాన్ని అంతే జోరుతోటి పిల్లరుకేసి నూకుతది. ఎడం రెండున్నర ఫీట్లే పెట్టినవనుకో, గుంజుడు 500 అయితది. అందుకే కబ్జాలు వీలైనంత ఎడంగ పెట్టు, దానికి రూపాయి ఖర్చు లేదు. నడుమ మూడోది పెట్టుమని ఓనరు అంటడు. వద్దను. మూడూ ఒక్క లైన్ల రాకుంటే గేటు బిగబట్టుకుంటది.

బరువు మొత్తం కిందిదే మొయ్యాలె. 40 మి.మీ. పిన్ను ఇ.ఎన్. 8 అనే గట్టి ఉక్కు రాడ్డుతోటి చేపియ్యి, లేత్ మీద భుజం (బేరింగు ఆగే మెట్టు) తీపియ్యి. దాని మీద 51108 నంబరు థ్రస్ట్ బేరింగు (మీది బరువు మోసే గుండ్ల బేరింగు) కూసుంటది: లోపల 40, బయట 60, ఎత్తు 13. పిన్ను పిల్లరు బ్రాకెట్ల నుంచి పైకి లేవాలె, గేటుకున్న గొట్టం గొడుగు లెక్క పైనుంచి దిగి బేరింగును కప్పాలె. ఎందుకంటే మిల్లుల ఊక దుమ్ము గ్రీజుల కలిస్తే బేరింగును గీకి తింటది. వాన నీళ్లు సుత నిలువయి. గ్రీజు ఎక్కిచ్చే నిప్పలు మర్వకు.

గొట్టాన్ని పట్టీకి వెల్డు చేసి, చల్లారినంకనే బోరు తీపియ్యి. ముందే తీస్తే వేడికి గొట్టం వంకరైతది, లోపల పిన్ను తిరిగే గన్‌మెటల్ బుష్ దూరది. రెండు బుష్‌ల బోరు ఒకటే ఉంచు. రెండిట్లకెళ్లి ఒకటే సాపు రాడ్డు దూర్చి, రాడ్డు చేతితోటి తిరుగుతున్నదా చూసుకుంట ట్యాకులు (చిన్న చుక్క వెల్డులు) పెట్టు. ఒక్కదిక్కే ఆపకుండ వెల్డు కొడితే లైను తప్పుతది. బేరింగు ఎక్కినంక వెల్డింగు పడితే, ఎర్త్ క్లాంపు వెల్డు చేసే ముక్కకే పట్టియ్యి. పిల్లరు దిక్కు పట్టిస్తివా, కరెంటు బేరింగుకెళ్లి పోయి గుండ్లు కాల్తయి.

ఇటుక పిల్లరైతే పని ఆపు. కాంక్రీటు పిల్లర్ల, పోసేముందే, కబ్జా పట్టే 12 మి.మీ. ప్లేటుకు హుక్కు రాడ్లు వెల్డు చేసి లోపలి ఇనుముకు కట్టియ్యాలె. పైకబ్జా పిన్నుకు మీద వాషరేసి నట్టు బిగించి ట్యాక్ పెట్టు, లేకుంటే ఎవడన్న జాకీ పెట్టి రెక్క లేపుకపోతడు.

ఇంకోటి. గేటు కిలో రేటుకు మాట్లాడుకున్నవేమో, కబ్జాలను అండ్ల కలపకు. లేత్ కూలి, బేరింగులు వేరేగ రాసియ్యి. లేత్ షాపుకు పోకముందు కొలతల కాగితం నాకు వాట్సాప్ చెయ్యి.

మీ పెదనాయన