చదవక్కర్లేని గ్రూపు ఏదీ లేదమ్మా

ప్రశ్న: మా పాప పదో తరగతి, బాబు తొమ్మిది. పాప ఏ పుస్తకమైనా గడగడా చదివేస్తుంది. బాబు లెక్కలు చేస్తాడు గానీ నాలుగు లైన్లు దాటిన ప్రశ్న కనబడితే వదిలేస్తాడు. మగపిల్లలు ఇంతేనా? చదివే పని తక్కువుండే ఐఐటీ ఫౌండేషన్‌లో వాణ్ని వేసి, పాపను లెక్కల జోలి లేకుండా లాకు పంపితే ఎలా ఉంటుంది? రెండూ పోల్చి చెప్పండి.
– ఓ తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, మీరు అడిగింది కోర్సుల గురించి. మీ దిగులు మాత్రం బాబు వెనకబడిపోతాడేమోనని. ముందు అది తేల్చుకుందాం.

పదిహేనేళ్ల పిల్లలకు పలు దేశాల్లో పెట్టే పీసా అనే అంతర్జాతీయ పరీక్షలో, 2018లో పాల్గొన్న ప్రతి దేశంలోనూ చదివి అర్థం చేసుకోవడంలో అమ్మాయిలదే పైచేయి. ఎక్కువగా సంపన్న దేశాలుండే ఓఈసీడీ కూటమిలో సగటు తేడా 30 పాయింట్లు, 2022లో 24. మన పల్లెల్లో 14–18 ఏళ్లవారి చదువుపై చేసిన అసర్ 2023 సర్వేలోనూ అంతే: రెండో తరగతి పాఠాన్ని సొంత భాషలో చదవగలిగింది అమ్మాయిల్లో 76 శాతం, అబ్బాయిల్లో 70.9 శాతం. కానీ ఇవి సగటులు. అబ్బాయిల్లోనే ఒకడికీ మరొకడికీ మధ్య వందల పాయింట్ల ఎడం ఉంటుంది. సగటు చూసి మీవాడి జాతకం రాసేయకండి. పైగా ఆ 2018 పీసాలోనే ‘తప్పనిసరైతేనే చదువుతాం’ అన్నవారు అబ్బాయిల్లో సుమారు 60 శాతం, అమ్మాయిల్లో 39 శాతం. ఇందులో అలవాటు వాటా చిన్నది కాదు. అలవాటు మారుతుంది, కంగారుపడకండి.

ఇక ఫౌండేషన్. ఈ మోజు మీద నాకు నమ్మకం తక్కువ. ఆ సెక్షన్లలో మొదట కోత పడేది తెలుగు, ఇంగ్లిష్ పీరియడ్లకే. తర్వాత ఇంటర్లో మార్కుల కోసం సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం, బట్టీకి మెటీరియల్. అలా నాలుగేళ్లు పిల్లాడు సొంతంగా ఒక్క పేజీ చదవకుండానే గడిచిపోతాయి. తీరా పోటీ పరీక్షలో దెబ్బ తగిలేది అక్కడే. ‘సరికానిది ఏది’ అని అడిగితే, మొదట కనబడిన సరైన వాక్యానికి టిక్కు పెట్టి వస్తాడు. ‘నునుపైన తలం’ అన్న మాట కంటికి ఆనదు, లేని ఘర్షణను లెక్కలోకి తెస్తాడు. ఒక వాక్యం, దానికో కారణం ఇచ్చే ‘నిశ్చితం–కారణం’ ప్రశ్నలో రెండూ నిజమే అని ఆగిపోతాడు, రెండోది మొదటిదానికి వివరణ అవునో కాదో చూడడు. మీరు దాన్ని ‘సిల్లీ మిస్టేక్’ అంటారు. కాదు, చదవకపోవడం. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో పేరా ఇచ్చి అడిగే ప్రశ్నలూ వస్తుంటాయి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ‘అక్కను చూసి నేర్చుకో’ అని రోజూ వాడి చెవిన వేస్తుంటే చదవడం ఆడపిల్లల పని అనే వాడికి ఎక్కుతుంది. ఇంట్లో మగవాళ్లెవరైనా పేపరు తిరగేస్తున్నారా? నాన్నగారి చేతిలోనూ ఫోనేనా?

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఏడో తరగతి సాంఘిక శాస్త్రం పుస్తకంలో వాడు చూడని పాఠం తీసి ఒక పేజీ పైకి చదివించండి. ఒత్తుల దగ్గర తడబడుతున్నాడా, లైను దాటేస్తున్నాడా, మొదటి అక్షరం చూసి మాట ఊహిస్తున్నాడా గమనించండి. తర్వాత పుస్తకం మూసి, అందులో ఏముందో మూడు వాక్యాల్లో చెప్పమనండి. సాఫీగా చదివినా చెప్పలేకపోతే లోటు అవగాహనలో. చదవడంలోనే తడబడితే సంగతి వేరు. అప్పుడు ట్యూషన్ మార్చి లాభం లేదు, చదవడంలో ఇబ్బందిపడే పిల్లలకు శిక్షణనిచ్చే స్పెషల్ ఎడ్యుకేటర్‌కు చూపించండి. డిస్లెక్సియా (అక్షరాలు, మాటలు చదవడంలో ఇబ్బంది) అని సర్టిఫికెట్ వస్తే సీబీఎస్ఈలో మూడు గంటల పేపరుకు గంట అదనంగా ఇస్తారు.

అవగాహన లోటైతే రోజూ 20 నిమిషాలు, ఫోను వేరే గదిలో. కథలే చదవాలని లేదు. క్రికెట్ విశ్లేషణ, బైకుల సమీక్ష, ఏదైనా సరే. చదివాక నాలుగు లైన్లు రాయాలి. మీరు తప్పులు దిద్దొద్దు, ‘తర్వాత ఏమైంది?’ అని అడగండి చాలు. మొదటి రెండు వారాలు విసుక్కుంటాడు. అక్కడే చాలామంది తల్లులు ఆపేస్తారు. రెండు నెలలు నడిపి, అలాంటి మరో పేజీతో మళ్లీ చూడండి.

పాప విషయం. లా మంచి దారే, కానీ లెక్కలు తప్పించుకోవడానికి కాదు. లా ప్రవేశ పరీక్ష క్లాట్‌లో 120 నిమిషాల్లో 120 ప్రశ్నలు, అందులో సుమారు పదో వంతు లెక్కలే. అసర్ 2023లో అమ్మాయిలు లెక్కల్లో వెనకబడ్డారు కూడా. ఆ అమ్మాయికి చదువుతో పాటు లెక్కలు కావాలి, అబ్బాయికి లెక్కలతో పాటు చదువు.

ఫౌండేషన్‌కు అడ్వాన్సు ఇంకా కట్టకపోతే ఆ రెండు నెలలూ ఆగండి. కట్టేసి ఉంటే, వారానికి తెలుగు, ఇంగ్లిష్ పీరియడ్లు ఎన్నో టైంటేబుల్ చూపించమని రేపే అడగండి.