మొదటి లైను నోట రావడం లేదు

ప్రశ్న: వందనాలు అమ్మగారూ. మా నాన్న తాగొచ్చి అమ్మని కొట్టేవాడు. గేటు చప్పుడైతే చాలు, అక్కా నేనూ డాబా మీద నీళ్ల ట్యాంకు వెనక దాక్కునేవాళ్లం. ఆయన పోయి రెండేళ్లయింది. చర్చిలో అందరూ ‘పరలోకమందున్న మా తండ్రీ’ అంటుంటే నాకు నోరు పెగలదు. ‘నీ నామము’ దగ్గర్నుంచి కలుస్తాను. మొన్న ఆదివారం మా ఐదేళ్ల బాబు “అమ్మా, మొదటి లైను నువ్వెందుకు చెప్పవు?” అని అడిగాడు. నాలో క్షమాపణ లేదని, అందుకే ఇలా అవుతోందని కూడికలో ఒకావిడ అన్నారు. తండ్రీ అనకుండా ప్రార్థిస్తే దేవుడు వింటాడా? రాత్రిళ్లు గేటు చప్పుడైతే ఇప్పటికీ టెన్షన్, నిద్ర పట్టదు.
– ఒక సోదరి, గాజువాక

జవాబు: వింటాడమ్మా. ముందు ఆ మాట చెప్పేస్తే నీకూ నాకూ ఊపిరాడుతుంది.

నేను పిల్లల వార్డులో చాలా ఏళ్లు నర్సుగా నైట్ డ్యూటీలు చేశాను. రాత్రి రెండింటికి జ్వరం పెరిగిన పిల్లాడు ఎవర్ని పిలుస్తాడో వింటే, ఆ ఇంట్లో వాణ్ని ఎత్తుకు తిరిగిందెవరో తెలిసిపోతుంది. పెదజాలారిపేట నుంచి వచ్చిన ఒక బుడ్డోడు ‘మామ్మా, మామ్మా’ అనే ఏడ్చేవాడు. కన్నతల్లి పక్కనే కూర్చుని ఉండేది, పాపం. ‘ముందు నాన్నా అను, అప్పుడు మందిస్తా’ అని ఏ నర్సయినా అంటుందా? మరి దేవుడు అంటాడా? ‘ఒకని తల్లి వానిని ఆదరించునట్లు నేను మిమ్మును ఆదరించెదను’ అని యెషయా 66లో ఆయనే చెప్పుకున్నాడు. యేసయ్య తనని పిల్లల్ని రెక్కల కింద చేర్చుకునే కోడితో పోల్చుకున్నాడు. నీకు ఏ పిలుపు వస్తే ఆ పిలుపుతోనే మొదలుపెట్టు. ఏదీ రాకపోతే ఊరికే ఏడువు.

ఇంకో సంగతి అడుగుతాను. మీ నాన్నని నువ్వు ఎప్పుడైనా ‘తండ్రీ’ అని పిలిచావా? ‘నాన్నా’ అనే పిలిచి ఉంటావు. మన ఇళ్లలో ‘తండ్రీ’ అని నోరారా పిలిచేది తల్లులు. అన్నం తిననని మారాం చేసే పిల్లాడితో ‘ఒక్క ముద్ద, నా తండ్రివి కదూ’ అంటాం. నువ్వూ మీ బాబుని అలా పిలిచే ఉంటావు, గుర్తు చేసుకో. ఆ మాట మీ నాన్న సొత్తు కాదమ్మా. అది నీ నోట్లో ఎప్పట్నుంచో ఉంది, ముద్దుగానే ఉంది.

ఈ ప్రార్థన మత్తయి, లూకా సువార్తల్లో ఉంది కదా. వాటిని తెలుగు చేసే పని మన విశాఖపట్నంలోనే సాగింది. 1805లో ఇక్కడికొచ్చిన లండన్ మిషనరీలు క్రాన్, డెగ్రాంజస్, వాళ్లకి తోడు ఆనందరాయర్ ఆ పని మీద కూర్చున్నారు. మిషనరీలిద్దరూ చనిపోయాక 1812లో ఆ పుస్తకాలు బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. వాళ్లు మాట మాట వెతుక్కుంటుంటే, పక్క వీధిలో ఏ తల్లో ‘రా తండ్రీ’ అని పిల్లాణ్ని కేకేసి ఉంటుందని నేను ఊహించుకుంటూ ఉంటాను. నా పిచ్చి అనుకో.

యేసయ్య దేవుణ్ని తన అరామిక్ భాషలో ‘అబ్బా’ అని పిలిచాడు. ఆ మాటకి ‘డాడీ’ అని అర్థమని బోధకులు తేలిగ్గా చెప్పేస్తారు గానీ, ఎదిగిన కొడుకులు కూడా తండ్రిని అలాగే పిలిచేవారు. నాలుగు సువార్తల్లో యేసయ్య నోట ఆ అరామిక్ మాట కనిపించేది ఒక్కచోటే, మార్కు 14:36లో. పట్టుబడబోయే రాత్రి గెత్సేమనే తోటలో, భయంతో, ఈ శ్రమల గిన్నె తప్పించమని బతిమాలుతూ అన్నాడు. గిన్నె తప్పలేదు కూడా. మనకి దెబ్బ తగిలినప్పుడు నోట వచ్చేదీ ‘అబ్బా’నే. రెంటికీ చుట్టరికం ఏమీ లేదులే, కానీ నాకు ఆ మాట దగ్గర ప్రతిసారీ అదే గుర్తొస్తుంది.

కూడికలో ఆవిడ మాట పక్కన పెట్టు. నీది పగ కాదు, భయం. ట్యాంకు వెనక దాక్కున్న పిల్ల ఇంకా కిందికి దిగలేదు, అంతే. క్షమాపణ సంగతి ఆ పిల్ల దిగాక చూసుకోవచ్చు. నిద్ర పట్టకపోవడానికి మాత్రం మానసిక వైద్యుణ్ని కలువు. ‘చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి పంపిస్తోంది’ అని నామీద కోపం తెచ్చుకోకు. బీపీకి మాత్ర వేసుకుంటూ ప్రార్థన మానేస్తున్నామా?

ఇక ఆదివారం. యేసయ్య ‘నా తండ్రీ’ అనమనలేదు, ‘మా తండ్రీ’ అనమన్నాడు. నీకు గొంతు పూడుకుపోయినా పక్కవాళ్లు అంటున్నారు, ఆ ‘మా’లో నువ్వూ ఉన్నావు. ఈసారి ‘మా’ వరకూ అని ఆగిపో. మిగతాది బాబు చెప్తాడు, వాడి చెయ్యి పట్టుకో.

అన్నట్టు, వాడు అడిగినదానికి ఏం జవాబిచ్చావో రాయలేదు. ఈసారి రాయి.