దారి మంచుతో మూసుకుపోతే ట్రావెల్ ఏజెంటుకు బాధ్యత ఉండదా?

ప్రశ్న: లాయరు గారూ, మాది తిరుపతి, కొర్లగుంట. నేను రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి. గత జూన్‌లో సియాటిల్‌లోని మా అమ్మాయి దగ్గరికి వెళ్లాం. వెళ్లే ముందే ఇక్కడి ట్రావెల్ ఏజెంటుకు ఇద్దరికీ కలిపి 3,60,000 రూపాయలు కట్టి, అక్కడ నాలుగు రోజుల యాత్ర కుదుర్చుకున్నాం. అందులో అసలైనది మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కులో గైడుతో ఒక రోజు పర్యటన. ‘గోయింగ్ టు ద సన్ రోడ్డులో లోగన్ పాస్ దాటడం, హిమానీనదం మీద నడక’ అని కరపత్రంలో ఉంది. జూన్ మొదటి వారంలో వెళ్తే దారి మంచుతో మూసి ఉందని మెక్‌డొనాల్డ్ సరస్సు చూపించి వెనక్కి తిప్పారు. డబ్బు అడిగితే, వాతావరణానికి తమ బాధ్యత లేదని రసీదు వెనక ఉందని, కేసు వేయాలన్నా హైదరాబాదులోనే వేయాలని అంటున్నారు. మాకు దారి ఉందా?

జవాబు: ఉంది. అయితే మంచు గురించి వాదించకండి, ఓడిపోతారు. మంచుకు ఎవరూ పూచీ పడరు. ఆ తేదీకి ఆ దారి తెరుచుకోదన్న సంగతి చెప్పకుండా మీకు యాత్ర అమ్మారన్నదే మీ ఫిర్యాదు కావాలి.

లోగన్ పాస్ అంటే ఆ రోడ్డు కొండలు దాటే కనుమ. దాని ఎత్తు 2,025 మీటర్లు, మన తిరుమల ఎత్తుకు రెట్టింపు కన్నా ఎక్కువ. అక్కడ 80 అడుగుల వరకు మంచు పేరుకుంటుంది. దాన్ని తొలగించడానికే దాదాపు పది వారాలు పడుతుంది. అందుకే పాస్ మీదుగా రాకపోకలు సాధారణంగా జూన్ మధ్య తర్వాతే మొదలవుతాయి. 2022లో జూలై 13న గాని తెరవలేదు. ఇదేమీ రహస్యం కాదు, పార్కు వెబ్‌సైటులో ఏటా కనిపించే సమాచారమే. అకస్మాత్తుగా వచ్చిన తుపానుకు రసీదు వెనక షరతు పనికొస్తుంది గాని, ఏటా తప్పక ఉండే మంచుకు ఎలా పనికొస్తుంది?

2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(11) సేవాలోపం అంటే ఏమిటో చెబుతుంది. నిర్లక్ష్యమూ అందులో ఉంది, అవసరమైన సమాచారాన్ని కావాలని దాచడమూ ఉంది. ఏజెంటు తెలిసి దాచి ఉంటే రెండోది, తెలుసుకోకుండా అమ్మి ఉంటే మొదటిది. తప్పించుకునే సందు తక్కువ.

ఇక హిమానీనదం మీద నడక. ఇక్కడ మీ కేసు ఇంకా బలంగా ఉంది. ఆ పార్కులో రోడ్డు మీద వెళ్లేవారికి జాక్సన్ హిమానీనదం దూరం నుంచి కనిపిస్తుంది, అంతే. గ్రిన్నెల్ హిమానీనదం దగ్గరికి చేరాలంటే రానూపోనూ 16 కిలోమీటర్లకు పైగా కొండదారిలో నడవాలి. మీరు జతచేసిన కరపత్రంలో మంచు మీద నిలిచిన పెద్ద చక్రాల బస్సు ఫొటో చూసి నాకు నవ్వాగలేదు. అది కెనడాలోని జాస్పర్ పార్కులో, అథబాస్కా హిమానీనదం మీద తిరిగే బస్సు. అక్కడికి వెళ్లాలంటే మీకు వేరే వీసా కావాలి! తప్పుదోవ పట్టించే ప్రకటనకు ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. ఆ కాగితాన్ని మడత పెట్టకుండా దాచండి.

హైదరాబాదు షరతుకు భయపడకండి. ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయవచ్చని అదే చట్టం సెక్షన్ 34 చెబుతోంది. కాబట్టి తిరుపతిలోని జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు.

ఒక జాగ్రత్త. రసీదు వెనక షరతులు అన్యాయమైన ఒప్పందమని, వాటిని రద్దు చేయాలని కోరకండి. అలాంటి వివాదం రాష్ట్ర కమిషన్ పరిధిలోకి వెళ్తుంది. సేవాలోపం, తప్పుడు ప్రకటన అన్న రెండింటి మీదే ఫిర్యాదు నడపండి.

వాట్సాప్ సంభాషణలను ప్రింటు తీసి ఊరుకుంటే చాలదు. పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం, ఆ ఎలక్ట్రానిక్ రికార్డు గురించిన ధ్రువపత్రం జతచేయాలి. మీతో వచ్చిన ఇతర యాత్రికులు ఎవరైనా ప్రమాణపత్రం ఇస్తే మరీ మంచిది.

ఎంత అడగాలి? మొత్తం 3,60,000 వెనక్కి రావాలంటే కమిషన్ ఒప్పుకోదు. మిగతా మూడు రోజులు మీరు అనుభవించారు, సరస్సూ చూశారు. ఆ రోజుకు చెందిన ఖర్చు, దానిపై వడ్డీ, మానసిక వేదనకు సబబైన పరిహారం, కేసు ఖర్చులు అడగండి. పది లక్షలు కావాలని రాయించే సలహాదారులు ఉంటారు, వినకండి. అంకె పెరిగిన కొద్దీ నమ్మకం తగ్గుతుంది.

ముందుగా 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. చట్టం దాన్ని తప్పనిసరి చేయలేదు గాని, చాలా వ్యవహారాలు అక్కడే తేలిపోతాయి. ఏజెంటు రాజీకి వస్తే, వచ్చే యాత్రలో తగ్గింపు ఇస్తామన్న మాటకు ఒప్పుకోవద్దు. డబ్బు బ్యాంకు ఖాతాలో పడ్డాకే రాజీపత్రం మీద సంతకం చేయండి.