చింతపండు జోలికి పోకు, చిన్నా

చిన్నా,

మట్టి కూడా వదలని రోమన్ కంచు నాణేలు ఒక యాభై కొని, అక్కడ ఇంగ్లండులో నువ్వే ఇంట్లో కూర్చుని శుభ్రం చేస్తానంటున్నావట. "నీ పిచ్చి వీడికీ అంటుకుంది" అని మీ అమ్మ ఫోన్లో నన్ను తిట్టింది. నాకైతే ఆ పూటంతా కాలు నేల మీద నిలవలేదు. పార్ట్‌టైమ్ డబ్బులు చేతికి రాగానే రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ నాణెం కొనాలనుకున్న పిల్లాడు మన ఇంట్లో పుట్టాడంటే పొంగిపోనా? రాత్రి పడుకున్నాక మాత్రం ఒక్కో భయం మొదలైంది. ఫోన్లో చెబితే ఊ కొట్టి మర్చిపోతావు. అందుకే రాస్తున్నాను.

ఒకేసారి యాభై కొనకు. గుట్టగా అమ్మే నాణేల్లో బాగున్నవి ముందే ఎవరో ఒకరు ఏరేసుకుంటారు. ఫోటోలో పైన కనిపించే మంచివి నీ పొట్లంలో ఉండవు. వచ్చేవాటిలో చాలావరకు అరిగిపోయిన బిళ్లలు. ముందు పదిహేను పౌండ్ల లోపు, ఎవరో పద్ధతిగా శుభ్రం చేసిన నాణెం ఒక్కటి కొనుక్కో. క్రీ.శ. 330 నుంచి కాన్‌స్టంటైన్ వేయించినవి కుప్పలుగా దొరుకుతాయి కాబట్టే అంత చవక. ఒకవైపు శిరస్త్రాణం పెట్టుకున్న రోమా దేవత, రెండోవైపు కవలలకి పాలిస్తున్న తోడేలు, దాని పైన రెండు నక్షత్రాలు ఉన్నది దొరికితే వదలకు. ఇద్దరు సైనికులున్నదైనా మంచిదే. వాళ్ల మధ్య జెండా కర్రలు లెక్కపెట్టు. 335 ప్రాంతం దాకా రెండు, ఆ తర్వాత ఒకటే. అడుగున గీత కింద ఉండే బుల్లి అక్షరాలు టంకశాల గుర్తు. టిఆర్ అని ఉంటే జర్మనీలోని ట్రియర్‌లో, ఎస్ఐఎస్ అని ఉంటే ఇప్పటి క్రొయేషియాలోని సిసాక్‌లో వేశారన్నమాట. ఆ నాణేన్ని రోజూ భూతద్దం కింద పెట్టి చూడు. మట్టి కింద ఏం ఉండాలో తెలియకుండా సూది పట్టుకుంటే తోడేలు చెవిని కూడా మట్టే అనుకుని గీకేస్తావు.

ఎక్కడివని అమ్మేవాణ్ని అడగడానికి మొహమాటపడకు. బల్గేరియా, సెర్బియా పొలాల్లో దొంగచాటుగా తవ్వి దేశం దాటించినవి ఈ గుట్టల్లో బోలెడు కలుస్తాయి. పాత కలెక్షన్‌లోదని కాగితం చూపించేవాడి దగ్గర ఒక పౌండు ఎక్కువైనా కొను.

ఇంకోటి కూడా చెవిన పడింది. ఎవరో ఫ్రెండు మెటల్ డిటెక్టర్ తెచ్చి పొలాలకి రమ్మంటున్నాడట. నాన్నా, నువ్వు స్టూడెంట్ వీసా మీద ఉన్నావు. అక్కడ పొలం యజమాని అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. ప్రభుత్వం రక్షిత కట్టడంగా ప్రకటించిన చోట అనుమతి లేకుండా డిటెక్టర్ వాడటం 1979 చట్టం ప్రకారం నేరం. 300 ఏళ్లు దాటిన కంచు నాణేలు ఒకే చోట పది దొరికాయంటే 1996 చట్టం కింద నిధి లెక్క, 14 రోజుల్లో అధికారులకి చెప్పాలి. మీ నాన్న అప్పు చేసి పంపిన చదువు ఇది. రోమన్లని అంతగా చూడాలనుంటే నువ్వుండే లెస్టర్‌లోనే జ్యూరీ వాల్ ఉంది, రెండో శతాబ్దపు స్నానశాల గోడ. ఆదివారం పూట నడిచి వెళ్లి చూసిరా.

శుభ్రం చెయ్యడానికి మొదట కావలసింది డీఅయొనైజ్డ్ నీళ్లు, అంటే లవణాలు తీసేసినవి. కార్ల సామాన్లు అమ్మే షాపులో డబ్బాల్లో ఉంటాయి. కుళాయి నీళ్లు వద్దు. నానబెట్టు, నీళ్లు మారుస్తుండు, మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దు, మళ్లీ నానబెట్టు. వారాలు పడుతుంది, పట్టనీ.

ఇక అమ్మమ్మ సంగతి చెప్పాలి. నువ్వు పుట్టక ముందు ఆవిడ నాటింగ్‌హామ్‌లో నా దగ్గర ఉండి వెళ్లింది. అప్పుడు నా దగ్గర తోడేలు నాణేలు ఒక గుప్పెడు ఉండేవి. శీతాకాలమంతా వాటితోనే కూర్చుని, సూదిమొనతో మట్టి పెళ్లలు ఒక్కొక్కటే లేపాను. మట్టి కింద ముదురు ఆకుపచ్చ పొర, ఆ పొర మీద తోడేలు భుజాన జూలు గీత గీతగా తేలింది. కవలల్లో ఒకడు చెయ్యి పైకెత్తి ఉన్నాడు. ఆ చేతిని చూసి నేను లైటు ఆర్పకుండా ఎంతసేపు కూర్చున్నానో!

ఒకరోజు నేను డ్యూటీకి వెళ్లాను. అమ్మకి ఊరికే కూర్చోవడం చేతకాదు. దేవుడి సామాను తోముతూ కిటికీ దగ్గర పళ్లెంలో వీటిని చూసింది. పాపం చిలుం పట్టిపోయాయి అనుకుంది. చింతపండు గుజ్జులో రాళ్లుప్పు వేసి కొబ్బరి పీచుతో తోమింది. సాయంత్రం నేను చెప్పులు విప్పకముందే పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. దసరాకి తోమిన రాగి బిందెల్లా ధగధగలాడుతున్నాయి. "నువ్వు నెలల తరబడి గీకుతున్నావు, నేను పూటలో వదలగొట్టాను చూడు" అంది. ఆవిడ వేళ్లు పులుపుకి ముడతలు పడి ఉన్నాయి. తోడేలు ఉన్నచోట ఒక బొడిపె మిగిలింది. చెయ్యెత్తిన పిల్లాడు లేడు.

ఎందుకలా అయిందో తెలుసుకో. పదహారు వందల ఏళ్లు మట్టిలో పడి ఉన్న కంచు పైపైన మారిపోతుంది. బయట ఆకుపచ్చ పొర, దాని కింద ఎర్రటి పొర. ముద్రలోని సన్నటి గీతలన్నీ ఆ పొరల్లోనే బతికి ఉంటాయి, కింది లోహంలో కాదు. పులుపు ఆ పొరల్ని కరిగించేస్తే బొమ్మ కూడా వాటితోనే పోతుంది.

పులుపు కన్నా ఉప్పు పాపం పెద్దది. ఉప్పులోని క్లోరైడు లోహం గుంటల్లో చేరి కూర్చుంది. దానికి ఇంగ్లండు చెమ్మ తోడైంది. కొన్నాళ్లకి లేత పిస్తా రంగు పొడి పొక్కింది, సూది తగిలిస్తే రాలింది, రాలిన చోట గుంట పడింది. బ్రాంజ్ డిసీజ్ అంటారు దీన్ని. క్లోరైడు, తేమ, గాలి కలిసి ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం రాగిని తిని మళ్లీ అదే మొదలవుతుంది. మట్టిలో ఉప్పదనం ఉంటే తోమకపోయినా వస్తుంది. మంచి ఆకుపచ్చ గట్టిగా, నున్నగా ఉంటుంది, పుల్లతో గీకినా రాలదు. పొడి కనిపించిన నాణేన్ని వెంటనే వేరు చెయ్యి, పొడి దులిపి, నీళ్లు మారుస్తూ చాలాకాలం నానబెట్టి, పూర్తిగా ఆరబెట్టి, తేమ పీల్చే సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టు. మ్యూజియంలలో బెంజోట్రయజోల్ అనే రసాయనం వాడతారు. అది విషం, దాన్ని ఇంట్లోకి తేకు.

అమ్మని నేను ఒక్క మాట అనలేదు. "భలే మెరుస్తున్నాయే" అన్నాను. ఊరెళ్లాక కూడా ఎప్పుడు ఫోన్ చేసినా "నీ బిళ్లలకి మళ్లీ చిలుం పట్టిందా? ఈసారి వచ్చినప్పుడు తోముతాలే" అనేది. పోయేదాకా ఆవిడకి తెలియదు. మీ అమ్మకీ తెలియదు, నువ్వు చెప్పకు. నువ్వు మాత్రం చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, కోలా, గిన్నెల పొడి దేన్నీ నాణెం దరిదాపులకి రానివ్వకు. మెరవాలనే కోరికే వదిలెయ్. ఆలివ్ నూనెలో నానబెట్టమని చాలామంది చెబుతారు, నాకు నచ్చదు. అదీ నెమ్మదిగా పొరని తింటుంది, పైగా సందుల్లో చేరి వదలదు.

ఫోన్ చార్జర్ వైరు కోసి, ఉప్పునీళ్లలో కరెంటు పెట్టి వదలగొట్టే పద్ధతి ఒకటుంది. చేశావో, నేనే ఫ్లైట్ ఎక్కి వచ్చి చెవి మెలేస్తాను! క్లోరిన్ గ్యాస్ వస్తుంది. నలుగురు పిల్లలు ఉండే అద్దె ఇల్లు అది.

నువ్వు అన్నం తినే బల్ల మీద ఈ పని వద్దు. ఆ కాలపు కంచులో సీసం బాగా కలిపేవారు. దుమ్ము లేవకుండా నాణేన్ని తడిపి గీకు, నోటితో ఊదకు, చేతులు కడుక్కోకుండా ఏదీ నోట్లో పెట్టుకోకు. చిన్నప్పటి నుంచీ గోళ్లు కొరుకుతావు, నాకు అదే బెంగ.

పని అయ్యాక బాగా ఆరనిచ్చి రెనసాన్స్ వాక్స్ పలచగా పూస్తే చాలు. అది బ్రిటిష్ మ్యూజియంలో తయారుచేసిన మైనం. పీవీసీ కవర్లు వద్దు, కాలం గడిచేకొద్దీ వాటిలోంచి ఆమ్లం ఊరి నాణేన్ని పాడుచేస్తుంది. కాగితం కవర్లు చాలు. సెలవులకి వచ్చేటప్పుడు నాణేలు బ్యాగులో వేసుకుని రాకు. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం ఇక్కడ ఇండియాలో పురావస్తువు, మళ్లీ తీసుకెళ్లనివ్వరు. నావి కూడా అక్కడే మీ అక్క దగ్గర వదిలి వచ్చాను. వాటిలో పాడైన తోడేలు నాణేలు వేరే డబ్బాలో ఉన్నాయి, వెళ్లి చూడు. ఆ పిస్తా రంగు ఒకసారి కంటితో చూస్తే మళ్లీ పొరపడవు.

పరీక్షలు అయ్యాకే కొను. కొన్నాక రెండు వైపులా ఫోటో తీసి పంపు, లైటు పక్కనుంచి పడాలి, గీత కింది అక్షరాలు నాకు కనపడాలి. డబ్బు చాలకపోతే అక్కని అడుగు, క్రెడిట్ కార్డు మాత్రం గీకకు.

మీ పెద్దమ్మ